గ్రామభూముల రక్షణ: కార్యదర్శి కొలువు



మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములలో కొండకును కడలికిని నడుమ ఎడము మిక్కిలి తక్కువ. సీతంపేట, కురుపాము కొండలపై కురిసిన వాన గెడ్డలలోనికి దుమికి, నాగావళిలోనో వంశధారలోనో కలసి, ఎంతోకాలము నిలువకయే సముద్రము చేరును. పోవుచు ఊరక పోదు. వాలుపొలముల పైమన్నును కొనిపోయి క్రింది చెరువులలో మేట వేయును. సాలునకు వేయి మిల్లీమీటర్లకు పైగా వర్షము కురియు సీమయే యైనను, వైశాఖము వచ్చుసరికి మెట్టపల్లెల స్త్రీలు బిందెలు పట్టుకొని దూరపు బావులకు నడచుట మనము చూచుచునే యున్నాము. ఇది వాన లేని కొఱత కాదు. వానను నిలుపుకొనలేని కొఱత.

దీనికి విరుగుడుగా వచ్చినదే పరీవాహక ప్రాంతాభివృద్ధి పథకము. రైతులు దానిని వాటర్‌షెడ్డు అనియే పిలుతురు. నేనును ఆ మాటనే వాడెదను. ఒక గెడ్డలోనికి నీరు దిగివచ్చు నేల యంతయు ఒక వాటర్‌షెడ్డు. ఆర్థికశాస్త్రవేత్త సి. హెచ్. హనుమంతరావుగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1994లో చేసిన సూచనలను బట్టి నియమములు రూపొంది, 1995 ఏప్రిల్ 1 మొదలు అమలులోనికి వచ్చెను. సుమారు 500 హెక్టార్లకు గ్రామస్థుల సంఘ మొకటి, హెక్టారుకు 4,000 రూపాయల వ్యయము, ఆ సంఘమునకు ఒక కార్యదర్శి. 2008 నాటి నియమములు ఈ కార్యదర్శిని గ్రామసభలోనే ఎంపిక చేయవలెననియు, అతడు పంచాయతీ కార్యదర్శికంటె వేఱుగా నుండి జీతము పొందవలెననియు విధించినవి. ఈ చిన్న కొలువును గూర్చియే నేటి ప్రసంగము.

కాగితముమీద అతని పని సులభముగనే కనబడును. సభ పిలుచుట, తీర్మానములు వ్రాయుట, లెక్కలు చూపుట. ఇంజనీరు గీచిన గీతల ప్రకారము కొండవాలున అడ్డకందకములు త్రవ్వించుట, గెడ్డ మొదట రాతికట్టులు, దిగువను ఊటచెరువులు వేయించుట. పని పైనుండి క్రిందికి రావలెనే గాని క్రిందినుండి పైకి పోరాదు. పైన నీటి వడి తగ్గనిదే దిగువ కట్టు మొదటి తుపానునకే కొట్టుకొనిపోవును. ఇంతవరకు చిక్కు లేదు.

చిక్కంతయు ఆ పైనేల ఎవరిదన్నచోట పుట్టును. కందకములు త్రవ్విన వాలున గడ్డియు మొక్కలును నిలద్రొక్కుకొనువరకు కొన్నియేండ్లు పశువులను ఆపవలెను. అచ్చట మేకలను మేపుకొనువానికి క్రింద సెంటు భూమియైన ఉండదు. పోడు కొట్టి చోళ్లు, సామలు పండించుకొను సవరలకును జాతాపులకును ఆ వాలే పొలము. విడిచిపెట్టువారు వీరు, నీరూరునది మాత్రము దిగువ రైతు బావిలో. ఈ అన్యాయమును చక్కదిద్దనిదే ఏ కందకమును నిలువదు. రాత్రికి రాత్రి మేకలు మరల కొండ యెక్కును, ఎక్కుటలో తప్పేమున్నది?

కార్యదర్శి విలువ తేలునది ఇక్కడనే. అతడు ఆ యిండ్లకు పోయి కూర్చుండవలెను. మందను తోలక గడ్డి కోసికొనిపోవు హక్కు వారికే యుండునట్లు, కూలిపని మొదట వారికే దొరకునట్లు, చెరువులోని చేపలలో వారికి వంతు కలుగునట్లు సభచేత ఒప్పించవలెను. సంఘమున సగమునకు తక్కువ గాకుండ స్త్రీలును, దళితులును, గిరిజనులును, భూమి లేనివారును, వినియోగదారుల బృందములవారును ఉండవలెనని 2008 నియమములు చెప్పుట ఇందులకే. హర్యానాలోని సుఖోమాజ్రి గ్రామమున 1970ల దశకములో జరిగినదియు నిట్టిదే. చిన్న మట్టికట్ట వెనుక నిలిచిన నీటిలో భూమి లేని కుటుంబమునకు సైతము సమాన భాగ మిచ్చిరి. అటుపిమ్మట కొండకు కంచె అక్కఱలేకపోయెను. ఊరివారే తమ పశువులను ఆపుకొనిరి.

మన యొద్ద మఱియొక మార్పు వచ్చెను. ఉపాధి హామీ పథకము 2006లో విజయనగరమునకును, మరుసటి యేట శ్రీకాకుళమునకును వచ్చి, మట్టిపని విశేషముగా జరిగెను. కూలివారికి అది గొప్ప ఆదరువు, కాదనను. కాని దానికై ఏర్పడిన క్షేత్ర సహాయకుని దినమంతయు మస్టరు నింపుటతోనే గడచిపోయెడిది. ఎన్ని ఘనపు మీటర్లు త్రవ్వితిరని కార్యాలయము అడుగును గాని, మేకలవానితో మాటాడితివా యని ఏ కార్యాలయమును అడుగదు. నా తలంపున గ్రామభూమికి లెక్క వ్రాయువానికంటె మధ్యవర్తి ఎక్కువ అవసరము.

ఇక జీతపు మాట. ఈ పథకమునకు 2008 నియమములు పెట్టిన గడువు నాలుగేండ్లు మొదలు ఏడేండ్ల వరకు మాత్రమే. పిమ్మట జీతము నిలుచును, కొలువు పోవును. కట్టులోని రాళ్లు జరిగినప్పుడు, కందకము పూడినప్పుడు చూచువా డెవడు? నియమములు దీనికొక దారి చూపకపోలేదు. సొంత భూమిలో పని చేయించుకొన్న రైతు వ్యయములో కనీసము నూటికి 10 వంతులు, దళిత గిరిజన రైతులును చిన్న సన్నకారు రైతులును 5 వంతులు చెల్లించి ఒక నిధి కూర్చవలెను. పథకము ముగిసిన తరువాత ఉమ్మడి కట్టడముల బాగుచేతకు ఆ సొమ్ము వాడవచ్చును. అది గ్రామస్థుల సొమ్మే. దిగువను రెండవ పంట తీయు రైతులు మఱికొంత కలిపినచో, తొలకరికి ముందును తుపానుల తరువాతను కట్టులన్నియు చూచివచ్చు మనిషి కొకనికి చాలినంత భృతి ఈయవచ్చును.

వాటర్‌షెడ్డు జరిగిన గ్రామములవారు ఈ ప్రసంగము వినుచున్నచో, రాబోవు గ్రామసభకు ఆ నిధి పాసుపుస్తకమును తెప్పించి, అందఱ యెదుటను చదివింపుడు. కొండవాలునుండి వచ్చినవారిని ఆనాడు ముందువరుసలో కూర్చుండబెట్టుడు.