వీడియో కాలులో మాట అందాలంటే

చెవి సరిగా వినబడని వారితో వీడియో కాలులో మాట్లాడేటప్పుడు ఏమేం చూసుకోవాలో ఈ పూట చెబుతాను. నా వల్ల జరిగిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను.

2021లో కరోనా రెండోసారి వచ్చినప్పుడు పాత రోగులను ఆసుపత్రికి రానివ్వకుండా వీడియో కాలులోనే చూసేవాళ్ళం. డాక్టరుగారి పక్కన ఫోను పట్టుకుని నిలబడేది నేనే. సుగరు ఉండి, కాలికి పుండు పడిన ఒక పెద్దామె ఉండేది. కొడుకు కువైట్‌లో ఉన్నాడు, కోడలు పగలు పొలం పనికి వెళ్ళేది. రాత్రి ఇన్సులిన్ పన్నెండు యూనిట్ల నుండి పదహారుకు పెంచమన్నారు డాక్టరుగారు. "అమ్మా, రాత్రికి పదారు" అని నేను గట్టిగానే చెప్పాను. ఆమె నవ్వి, తల ఊపి, "సరే సిస్టరమ్మా" అంది.

వారం తరువాత ఆటోలో తీసుకొచ్చారు. సుగరు 460 ఉంది, పుండు లోతుకు దిగింది. ఆమె రాత్రికి ఆరు యూనిట్లే వేసుకుంటోంది. వేలు తీయాల్సిన అవసరం రాలేదు గాని, పదకొండు రోజులు వార్డులో ఉంది.

తప్పు ఎక్కడ జరిగిందో తరువాత కూర్చుని ఆలోచించాను. పదారు అనేటప్పుడు పెదవులు ఒకసారి కలుస్తాయి. ఆరు అంటే కలవవు. చెవికి అందని ఆ తేడా కంటికి అందేదే. కాని నా పెదవుల మీద మాస్కు ఉంది.

వయసుతో వచ్చే చెవుడులో మొదట పోయేది సన్నని శబ్దాలు. అ, ఆ, ఓ వంటి అచ్చులు చాలావరకు వినబడుతూనే ఉంటాయి. స, శ, త వంటివి జారిపోతాయి. అందుకే "వినబడుతోంది గాని అర్థం కావడం లేదు" అంటారు. అది మొండితనం కాదు. అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, జారిపోయిన అక్షరం తిరిగి రాదు. పైగా అరిచేవారి పెదవుల ఆకారం మారిపోతుంది. మామూలు గొంతుతో, కొంచెం నిదానంగా, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ చెప్పండి. అర్థం కాకపోతే అదే మాట నాలుగుసార్లు అనకుండా వేరే మాటతో చెప్పండి.

మరి మామూలు ఫోను చాలదా అని కొందరు అడుగుతారు. పాత పద్ధతి ఫోను కాలు 300 నుండి 3400 హెర్ట్జ్ వరకు ఉన్న శబ్దాన్నే మోస్తుంది. స శబ్దం బలం చాలావరకు దానికి పైన ఉంటుంది. నెట్టు బాగుంటే వీడియో కాలులో అంతకంటే ఎక్కువ వస్తుంది, ముఖమూ కనబడుతుంది. నెట్టు బాగాలేకపోతే బొమ్మ ఒకటి, మాట ఒకటి అయిపోయి పెదవులు చూసినా లాభం ఉండదు. అప్పుడు పెట్టేసి, సిగ్నలు ఉన్న చోటికి వెళ్ళి మళ్ళీ చేయండి.

కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నల్లగా కనబడుతుంది. కిటికీకి ఎదురుగా కూర్చోండి. టీవీ ఆపండి, ఫ్యాను శబ్దం చేస్తుంటే కాసేపు అదీ ఆపండి. పండుగనాడు పదిమంది ఒకే ఫోను మీద పడి అరుస్తారు, ఆ పెద్దాయనకు అది వట్టి గోల. ఒక్కొక్కరే మాట్లాడండి. మన పెద్దవాళ్ళు వీడియో కాలును కూడా చెవి దగ్గర పెట్టుకుంటారు, మనకు తెర నిండా చెవే కనబడుతుంది! ఫోనును గ్లాసుకు ఆనించి ఎదురుగా నిలబెట్టండి. స్పీకరు రంధ్రాలు చాలా ఫోన్లలో అడుగున ఉంటాయి, వాటిని మూయకండి. చెవి మిషను ఉన్నవారు కాలుకు ముందే పెట్టుకోవాలి, సెల్లు ఉందో లేదో చూడాలి. మిషను పెట్టెలో దాచి ఫోనులో అరిచే ఇళ్ళు నేను చాలా చూశాను.

చదవడం వచ్చినవారికి ఇంకో ఉపాయం ఉంది. గూగుల్ వారు 2019లో తెచ్చిన లైవ్ ట్రాన్‌స్క్రైబ్ అనే యాప్ ఎదుట మాట్లాడిన మాటను తెలుగు అక్షరాలలో చూపిస్తుంది. కాలు ఒక ఫోనులో నడుస్తుంటే, రెండో ఫోనులో దీన్ని తెరిచి స్పీకరు పక్కన పెట్టాలి. తప్పులు రాస్తుంది. కాబట్టి మందు పేరుకూ, మోతాదుకూ దాన్ని నమ్మకండి.

సైగల భాషలో మాట్లాడేవారికైతే వెలుతురే ముఖ్యం. ఫోను చేతిలో పట్టుకోకుండా దూరంగా నిలబెడితే, రెండు చేతులూ ముఖమూ తెరలో పడతాయి.

ఇప్పుడు నేను అంకెను నోటితో చెప్పి ఊరుకోను. కాగితం మీద లావుగా 16 అని రాసి కెమెరాకు చూపిస్తాను. తరువాత "వినబడిందా?" అని అడగను. అలా అడిగితే అందరూ సరే అంటారు, పదేపదే అడగడానికి వాళ్ళకు మొహమాటం. "ఎంత వేసుకుంటావో నువ్వు చెప్పమ్మా" అంటాను. ఆ పెద్దామె ఇప్పటికీ కాలు చేస్తుంది. తలుపు దగ్గర కూర్చుని, చెవిలో మిషను పెట్టుకుని, అంకె తనే ముందు పలకమీద రాసి చూపిస్తుంది.

ఫోన్లు తెచ్చుకున్నవాళ్ళు ఇద్దరేసి ఇటు రండి. ఒకరు వరండాలోకి వెళ్ళి కాలు చేయండి, ఇక్కడ ముఖం ఎలా కనబడుతుందో చూద్దాం.