నక్షత్రకుడికి దక్కింది, ఉహూరాకు దక్కనిది

(జగ్గయ్యపేటలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



మాస్టారి పేరున జరిగే ఉపన్యాసంలో టీవీ సీరియళ్ళ గురించి, అదీ అంతరిక్షంలో తిరిగే సీరియళ్ళ గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కొంచెం తటపటాయించే ఒప్పుకున్నారు. ఆయన పగలు భౌతికశాస్త్రం చెప్పేవారు, రాత్రిళ్ళు పద్యనాటకాల పక్కన హార్మోనియంతో కూర్చునేవారు. ఆ రెండూ తెలిసిన మనిషి ఈ విషయానికి కోప్పడి ఉండరనే నా ధీమా.

నాటకంతోనే మొదలుపెడతాను. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి ‘సత్యహరిశ్చంద్రీయం’లో నక్షత్రకుడెవరు? విశ్వామిత్రుడి శిష్యుడు, అప్పు వసూలుకు రాజు వెంట పంపిన మనిషి. కథ నడవడానికి అవసరమైనంత వరకే చూసుకుంటే నాలుగు మాటలు చెప్పి తప్పుకోవలసినవాడు. కానీ మన రంగస్థలం మీద అతనికి ఆకలి ఉంది, దప్పిక ఉంది, నడవలేని కాళ్ళున్నాయి, నోటి దురుసుంది. గురువంటే వణుకు. రాజును పీడించగా పీడించగా ఎక్కడో జాలి పుడుతుంది. ఆ జాలికీ ఆ వణుకుకీ మధ్య అతను నలుగుతుంటే హరిశ్చంద్రుడి సత్యం ఎంత బరువైందో మనకు తెలుస్తుంది. హరిశ్చంద్రుణ్ణి కొనుక్కున్న కాటి పెద్ద వీరబాహుడూ అంతే. మన మెట్ట ఊళ్ళలో నాటకం పోస్టరు చూసినవాళ్ళు హరిశ్చంద్రుడు ఎవరు వేస్తున్నారని అడిగి, వెంటనే నక్షత్రకుడు ఎవరని అడిగేవారు. ఆ రెండో ప్రశ్న పుట్టించగలిగిన నాటకం గట్టి నాటకం.

ఇప్పుడు స్టార్ ట్రెక్ దగ్గరికి వద్దాం. 1966 సెప్టెంబరులో అమెరికాలో మొదలై, మూడేళ్ళలో 79 భాగాలు నడిచింది. తర్వాత దూరదర్శన్ పుణ్యమా అని యాంటెన్నా తిప్పుకుంటూ మనమూ కొంత చూశాం. నౌక పేరు ఎంటర్‌ప్రైజ్. కెప్టెన్ కిర్క్, స్పాక్, డాక్టర్ మెకాయ్, వీళ్ళు ముగ్గురూ కథను పంచుకున్నారు. వెనక కుర్చీలో లెఫ్టినెంట్ ఉహూరా అనే నల్లజాతి స్త్రీ, చుక్కాని దగ్గర సులూ అనే ఆసియా మనిషి. అమెరికాలో నల్లవాళ్ళ ఓటుహక్కును కాపాడే చట్టం వచ్చింది 1965లో. మరుసటి ఏడాదే ఆ కుర్చీలో ఆ స్త్రీ కూర్చోవడం పెద్ద సంగతే. ఆ పాత్ర వేసిన నిషెల్ నికోల్స్ మొదటి ఏడాది తర్వాత మానేద్దామనుకున్నారట. మార్టిన్ లూథర్ కింగ్ కలిసి, మానవద్దని నచ్చజెప్పారని ఆమే చాలాచోట్ల చెప్పారు.

కుర్చీ ఇచ్చారు సరే, పనేమిచ్చారు? నౌకకు వచ్చే ప్రతి కబురూ మొదట ఆమె చెవినే పడాలి. శత్రువు మొదటి మాట, ఆపదలో ఉన్నవాడి కేక, పైఅధికారుల మందలింపు, అన్నీ కెప్టెన్ కంటే ముందు ఆమెకు తెలుస్తాయి. ఒకప్పుడు ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుకు తెలియని గుట్టు ఉండేదా? అలాంటి చోట కూర్చున్న మనిషి చేత మూడేళ్ళలో ఎక్కువ భాగం పలికించింది, లైన్లు తెరిచానని చెప్పే ఒక్క వాక్యం. ఒక కబురును ఆమె ఒక్క నిమిషం ఆపి ఉంటే? ఎవరికీ అర్థంకాని భాషలోని బెదిరింపు నిజానికి బతిమాలుకోవడమని ఆమె ఒక్కతే పసిగట్టి, కెప్టెన్ నమ్మకపోయి ఉంటే? ఈ కథలన్నీ ఆ కుర్చీలోనే ఉన్నాయి. ఎవరూ తీయలేదు.

చివరికి ఆమెకు ఇంటిపేరో వంటిపేరో ఒక్కటే మిగిల్చారు. న్యోటా అనే పేరును 1982లో విలియం రాట్స్‌లర్ అనే రచయిత ఒక పుస్తకంలో పెట్టాడు. తెర మీద ఎవరైనా ఆమెను ఆ పేరుతో పిలిచింది 2009 సినిమాలో. సులూకి హికారు అన్న పేరు కూడా వాండా మెకింటైర్ 1981 నవల నుంచే వచ్చింది, తెరకెక్కడానికి మరో పదేళ్ళు పట్టింది. సీరియల్ కన్న పిల్లలకు నామకరణం చేసింది బయటివాళ్ళన్నమాట.

ఒక పక్కమాట. ఇదే సీరియల్లో 1967లో ఖాన్ నూనియన్ సింగ్ వచ్చాడు. ఉత్తర భారతం వాడు, బహుశా సిక్కు అని నౌకలోని చరిత్రకారిణి ఊహిస్తుంది. వేసింది మెక్సికోలో పుట్టిన రికార్డో మోంటల్బాన్. నటన అమోఘం. కానీ ఆ ఊహ దాటితే ఆ మనిషిలో భారతదేశం ఎక్కడా లేదు.

నిషెల్ నికోల్స్ మాత్రం రచయితల కోసం ఆగలేదు. 1977 నుంచి నాసా తరఫున ఊరూరా తిరిగి, స్త్రీలూ నల్లజాతివాళ్ళూ వ్యోమగాములుగా దరఖాస్తు పెట్టుకోవాలని ప్రచారం చేశారు. 1978లో నాసా ఎంచుకున్న 35 మందిలో శాలీ రైడ్, గయాన్ బ్లూఫోర్డ్, రొనాల్డ్ మెక్‌నేర్ ఉన్నారు. 1992లో అంతరిక్షానికి వెళ్ళిన మే జెమిసన్, తనకు చిన్ననాడు దారి చూపినవాళ్ళలో ఉహూరా ఒకరని చెప్పుకున్నారు.

ఉహూరా కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది హ్యారీ కిమ్ సంగతి. 1995 నుంచి 2001 దాకా ఏడేళ్ళు, 172 భాగాలు నడిచిన మరో స్టార్ ట్రెక్ సీరియల్ వాయేజర్‌లో ఇతను ఎన్సైన్, అంటే అధికారుల్లో అందరికంటే కిందిమెట్టు. చదువు ముగించి మొదటి కొలువుకు వచ్చిన కుర్రాడు. నౌక ఎక్కిన కొద్దిరోజులకే ఇంటికి 70,000 కాంతి సంవత్సరాల దూరంలో పడింది. అమ్మానాన్నలు, మనసిచ్చిన పిల్ల అక్కడ. క్లారినెట్ వాయించుకుంటూ ఇతను ఇక్కడ. తిరిగి చేరడానికి 70 ఏళ్ళకు పైగా పడుతుందని లెక్క. మన పిల్లలు అమెరికా విమానమెక్కిన ఇళ్ళలో ఈ బెంగ ఎవరికీ వివరించనక్కర్లేదు. అంత సరుకు చేతిలో పెట్టుకుని రచయితలు అతన్ని ఏడేళ్ళూ ఎన్సైన్‌గానే ఉంచారు. తప్పు చేసి హోదా పోగొట్టుకున్న తోటివాడు కూడా మళ్ళీ సంపాదించుకున్నాడు. ఇతనికి ఒక్క మెట్టు దక్కలేదు.

అది కూడా పోనిద్దాం. 1996లో ప్రసారమైన ‘డెడ్‌లాక్’ అనే భాగంలో ప్రమాదం వల్ల నౌక రెండవుతుంది. మనుషులూ ఇద్దరిద్దరవుతారు. మనం మొదటినుంచీ చూస్తున్న హ్యారీ కిమ్ అంతరిక్షంలోకి కొట్టుకుపోయి చనిపోతాడు. రెండో నౌక నాశనమవుతూ, అందులోని హ్యారీని ఒక పసిపాపతో పాటు ఇటు పంపిస్తుంది. అంటే ఆ తర్వాత ఐదేళ్ళు మనం చూసినవాడు మొదటివాడు కాదు. చచ్చిపోయినవాడి గదిలో పడుకుంటాడు, వాడి దుస్తులు తొడుక్కుంటాడు, వాడి తల్లికి ఉత్తరం రాస్తాడు. తను ఎవరి కొడుకు? నౌకలో స్నేహితులు పోయినవాడి కోసం ఏడవాలా, వచ్చినవాడిని చూసి నవ్వాలా? మరుసటి వారం కొత్త గ్రహం వచ్చింది, కొత్త చిక్కు వచ్చింది. ఈ సంగతి పట్టించుకున్నవాళ్ళు లేరు. ఒక నవలకు సరిపడా దుఃఖాన్ని ఒక్క భాగం చివర ఊడ్చేశారు.

ఎంటర్‌ప్రైజ్ పేరుతోనే 2001లో వచ్చిన సీరియల్లో ట్రావిస్ మేవెదర్ కూడా ఈ బాపతే. సరుకు నౌకలో పుట్టి పెరిగినవాడు. మొదటి భాగంలోనే, గురుత్వాకర్షణ తలకిందులయ్యే చోటు వెతుక్కుని పైకప్పు మీద దర్జాగా కూర్చుంటాడు. నేలంటే ఏమిటో తర్వాత తెలుసుకున్న మనిషి! ఆ ఒక్క దృశ్యం చూసి నేను ఎంతో ఆశపడ్డాను. తర్వాత నాలుగేళ్ళు అతని చేత నౌక తోలించారు.

చేతకాక ఇలా జరిగిందనుకుంటే, ఈ సీరియళ్ళు తీసిన సంస్థ రచయితలే ‘డీప్ స్పేస్ నైన్’ రాశారు. 1987లో మరో స్టార్ ట్రెక్ సీరియల్ మొదటి భాగంలో పేరైనా లేకుండా చుక్కాని దగ్గర కూర్చున్న నటుడు కోమ్ మీనీ. క్రమంగా అతనికి ఓబ్రయన్ అన్న పేరు, పెళ్ళాం, పాప, పాత యుద్ధం గాయాలు చేకూరి 1993 నాటికి ఈ సీరియల్లో ముఖ్యుల్లో ఒకడయ్యాడు. ఇంకా గొప్పవాడు నాగ్. దొంగతనం చేస్తూ పట్టుబడ్డ పిల్లాడిగా వస్తాడు. చదవడం రాదు, స్నేహితుడు నేర్పిస్తాడు. తన జాతిలో ఎవరూ వెళ్ళని సైన్యంలో చేరతాడు. యుద్ధంలో కాలు పోతుంది. కొత్త కాలు పెట్టినా నొప్పి పోదు. నొప్పి కాలిలో లేదు కాబట్టి. బయటి ప్రపంచానికి రానని మొండికేసి ఒక ఉత్తుత్తి హోటల్లో దాక్కుంటాడు. ఆ భాగాన్ని మొత్తం ఇతనికీ, ఆ హోటల్లో పాటలు పాడే మాయమనిషికీ వదిలేశారు. ముఖ్యపాత్రలు తలుపు దగ్గర నిలబడి తొంగిచూశాయి, అంతే.

తేడా ఎక్కడుంది? డీప్ స్పేస్ నైన్ కదలని మజిలీ. నిన్న చేసింది ఇవాళ ఎదురొస్తుంది, కోపగించుకున్నవాడు పక్కవీధిలోనే ఉంటాడు. నౌక అలా కాదు, వారం వారం వెళ్ళిపోతుంది. పైగా ఏ చానల్ ఏ భాగాన్ని ఏ వరుసలో వేసుకున్నా అర్థమవ్వాలని వ్యాపారం కోరుకునేది. అలాంటప్పుడు ఎవరూ మారకూడదు. మారితే వరుస చెడుతుంది. హరిశ్చంద్రుడి అప్పుకు గడువుంది కాబట్టి, అది ప్రతి మజిలీలోనూ వెంటాడుతుంది కాబట్టి నక్షత్రకుడు ఎదగగలిగాడు. హ్యారీ కిమ్‌కు ఎవరూ ఏమీ బాకీ లేరు.

రచయిత వదిలేసినదాన్ని వినేవాళ్ళు అందుకోవడం మనకు కొత్త కాదు. రామాయణంలో ఊర్మిళ పద్నాలుగేళ్ళు ఏమైందో వాల్మీకి చెప్పలేదు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాడుకుని ఆ లోటు తీర్చారు. ఓల్గాగారు ‘విముక్త’లో ఆమెను మళ్ళీ పలకరించారు. అమెరికాలో 1967 నుంచే స్టార్ ట్రెక్ అభిమానులు సొంతంగా పత్రికలు అచ్చువేసుకుని కథలు రాసుకున్నారు. వాటిని పిల్లచేష్టలని వెక్కిరించేవాళ్ళు మన అమ్మమ్మల పాటలనూ వెక్కిరించాలి.

ఇక మన సంగతి. తెలుగు పల్లెల్లో కొన్నిటికి టీవీ అనేదే అంతరిక్షం నుంచి వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. వాటిలో తెలుగువీ ఉన్నాయి. జాతీయ చానల్లో 1998లో కేతన్ మెహతా ‘కెప్టెన్ వ్యోమ్’ అనే అంతరిక్ష సీరియల్ తీస్తే, మిలింద్ సోమన్ పారిపోయిన నేరస్థులను ఒక్కొక్కరినే పట్టుకుంటూ పోయాడు. ఆ నేరస్థుల్లో ఒక్కడైనా ఎందుకు అలా అయ్యాడో చెప్పి ఉంటే బాగుండేదనిపించింది.

రాకెట్లు ఎగిరే శ్రీహరికోట తెలుగు నేల మీదే ఉంది. అక్కడ పనిచేసేవాళ్ళ ఇల్లు మన సాయంత్రం సీరియళ్ళలో నాకైతే కనబడలేదు. వార్తల్లో మనకు చూపించేది చైర్మన్‌గారినీ చప్పట్లనూ. 2010 డిసెంబరు 25న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్06 ఎగిరిన నిమిషంలోపే అదుపు తప్పితే, నేల మీది నుంచి ఆజ్ఞ పంపి దాన్ని ఆకాశంలోనే పేల్చేశారు. కిందున్న జనం మీద పడకుండా ఉండాలంటే అదే దారి. వేలమంది ఏళ్ళ తరబడి కట్టినదాన్ని క్షణాల్లో కాదనడమే ఆ ఆజ్ఞ పంపే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళ కొలువు. ఆ రాత్రి వాళ్ళింట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకుని ఉంటారు? ఏడాది నడిచే సీరియల్‌కు ఈ ఒక్క ప్రశ్న చాలు.

అంత దూరం వద్దంటే మన ఊరి గుట్టకే పోదాం. 1882లో పురావస్తు శాస్త్రజ్ఞుడు బర్జెస్ మన ధనంబోడు బౌద్ధ స్తూపాన్ని తవ్వించాడు. అక్కడ దొరికిన చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మధ్యలో చెయ్యెత్తి నిలబడ్డ రాజు, మేఘాల నుంచి కురుస్తున్న నాణేలు. అతన్ని మాంధాత అంటారు. చుట్టూ ఏడు రత్నాలు: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, స్త్రీ, గృహపతి, పరిణాయకుడు. ఆ చక్రం మహిమతో రాజూ సైన్యమూ ఆకాశంలో పోతారు. మనవాళ్ళు చెక్కిన నౌకా సిబ్బంది ఇదే. పాళీ సూత్రాల్లో ఇంకో చక్రవర్తి, మహాసుదస్సనుడు, తన గృహపతిని పరీక్షించడానికి గంగ నడుమ పడవలో ఉండగా ఇప్పుడే ఇక్కడే బంగారం కావాలంటాడు. గృహపతి నీళ్ళలో చేతులు ముంచి నిండుకుండ పైకి తీస్తాడు. ఖజానాదారుకు సొంత సన్నివేశం!

మాంధాత కథ జాతకాల్లో ఉంది. చక్రంతో దేవలోకం చేరి, ఇంద్రుడి సింహాసనంలో సగం పుచ్చుకున్నాడు. 36 మంది ఇంద్రులు మారేదాకా అక్కడే ఉండి, మిగతా సగం మీద కూడా ఆశపుట్టి కిందికి పడి చనిపోయాడు. అంతా రాజు కథే. మధ్యలో ఒక్క వాక్యం మాత్రం పరిణాయకుడిది. రాజు దేవతలతో వెళ్ళిపోగానే అతను చక్రాన్నీ పరివారాన్నీ వెంటబెట్టుకుని మానవలోకానికి దిగి సొంత నగరానికి తిరిగివచ్చాడు. రాజు ఆజ్ఞతో వచ్చాడా, విసిగి వచ్చాడా? నౌకను వెనక్కి తిప్పినప్పుడు ఏనుగు మావటి ఏమన్నాడు, రాణి ఒప్పుకుందా? రాజు ఏడని నగరం అడిగితే అతను ఏం చెప్పాడు? ఇక్కడున్న కుర్రాళ్ళలో సీరియల్ రాయాలని ఉన్నవాళ్ళుంటే, మొదటి భాగం పరిణాయకుడు నగర ద్వారం దగ్గర దిగడంతో మొదలుపెట్టండి. రాజును ఆరో భాగం దాకా చూపించకండి.