పడడం నేర్పే గురువు

చిక్కడపల్లి నుండి అశోక్‌నగర్ వైపు నడిచేవారికి కోచింగు అనే మాటకు అర్థం చెప్పనక్కరలేదు. జిల్లాలనుండి వచ్చిన యువతీయువకులు సర్కారు కొలువుల పరీక్షలకై రేయింబవళ్ళు చదువుకొనే పేట అది. ఆ మాటకు ఆ చుట్టుప్రక్కల మరొక అర్థం ఉండగలదని మాకు తోచలేదు. కాని మొన్న ఒక సాయంకాలం మా పొరుగింటివారు వచ్చి, తమ పదేండ్ల అమ్మాయి నారాయణగూడలో జూడో నేర్చుకొంటానని పట్టుపట్టినదనీ, పంపవచ్చునా, కూడదా చెప్పమనీ అడిగారు. రేడియోలో పనిచేసేవారికి సమస్తమూ తెలుసునని లోకానికొక నమ్మకం. ఆ నమ్మకాన్ని భంగపరచడానికి మనసొప్పక, వారితోపాటు మేమూ వెళ్ళాము.

ఒక సందులో, మేడమీద అద్దెకు తీసికొన్న గది. నేలంతా మందపాటి చాపలు పరచి ఉన్నవి. తెల్లని దళసరి అంగీలు తొడిగి, నడుములకు గుడ్డపట్టీలు బిగించుకొన్న పిల్లలు ఇరవై మంది వరకు ఉన్నారు. కొత్తగా చేరినవారిని గంటసేపు గమనించాము. ఆ గంటలో వారు ఎవరినీ పడవేయలేదు, తామే పడ్డారు. మొదట వెల్లకిల పండుకొని, పిమ్మట గొంతుకూర్చుండి, ఆ పిమ్మట నిలుచుండి, వెనుకకూ ప్రక్కలకూ పడ్డారు. పడిన ప్రతిసారీ గడ్డాన్ని రొమ్ముకు ఆనించి, చేతులతో చాపను ఫెడీమని చరిచారు. మా పొరుగువారు ఓర్చుకోలేక, "పడడానికా మాస్టారూ రుసుము కట్టేది?" అన్నారు. ఆయన నవ్వి, "పడడం రాని పిల్లను పడవేసే హక్కు ఎవరికీ లేదండీ" అని మళ్ళీ పిల్లలవైపు తిరిగారు.

ఆ ఒక్క మాట విన్న తరువాత మాకు అడుగవలసిన ప్రశ్నలు తగ్గిపోయినవి. గడ్డం రొమ్ముకు ఆనితే తల వెనుకభాగం నేలను తాకదు. ముంజేయి, అరచేయి ఒక్కసారిగా చాపను చరిస్తే, పడిన ఊపు ఒక్క ఎముకమీద పడక ఒడలంతటా పంచుకోబడుతుంది. చూడడానికి ఇది ఆటలాగే ఉంటుంది. దీనిని నిర్లక్ష్యం చేసినందుకు జూడో పుట్టిన దేశమే చెల్లించిన మూల్యం తెలిస్తే ఒళ్ళు జలదరిస్తుంది. 1983 నుండి ముప్పై ఏండ్ల కాలంలో జపాన్ పాఠశాలలలో జూడో అభ్యాసం చేస్తూ మరణించిన విద్యార్థులు వందమందికి పైమాట. వారిలో చాలామంది తలకు తగిలిన దెబ్బలవల్ల పోయినవారే. తల నేలకు కొట్టుకొనకపోయినా, విసురుకు మెదడు కదిలి రక్తనాళాలు తెగి, పుర్రెలోపల రక్తస్రావం కావచ్చునట. చేరి కొద్దిమాసాలైనా కాని పిల్లలకే ఈ ప్రమాదం ఎక్కువ. 2022లో అక్కడి జూడో సమాఖ్య ప్రాథమిక పాఠశాలల పిల్లలకు జరిపే జాతీయ పోటీలను రద్దుచేసినది. తల్లిదండ్రులూ శిక్షకులూ గెలుపుకోసం పసివాళ్ళను వేధిస్తున్నారన్నదే కారణం.

ఈ విద్యను రూపొందించిన కానో జిగొరో ఉద్దేశం ఇది కాదు. ఆయన పొట్టివాడు, బక్కపలుచనివాడు; చిన్ననాడు బలవంతులచేత దెబ్బలు తిన్నవాడు. టోక్యో విశ్వవిద్యాలయంలో చదివి, ఉపాధ్యాయుడై, పాత జుజుత్సు పట్టులలో ప్రాణాపాయమైన వాటిని అభ్యాసపు పోటీలనుండి తొలగించి, 1882లో ఐషోజీ అనే బౌద్ధాలయంలో పన్నెండు చాపల గదిలో కొద్దిమంది శిష్యులతో జూడో ప్రారంభించాడు.

మన దేశానికి ఈ విద్యను ఆదరంతో పిలిచి తెచ్చినవారు రవీంద్రనాథ టాగూరు. 1929లో తకగాకి అనే జపాన్ గురువును శాంతినికేతనానికి రప్పించారు. అక్కడ బాలురతోపాటు బాలికలూ నేర్చుకొన్నారు. దానికి ఒక సంవత్సరం ముందు, 1928లో, మాడపాటి హనుమంతరావు గారు స్థాపించిన బాలికల పాఠశాల ఈ నారాయణగూడలోనే ఉన్నది. ఆడపిల్ల బడికి పోవడమే వింతగా చెప్పుకొన్న ఆ రోజులనుండి, అంగీ బిగించి చాపమీద నిలిచే ఈ రోజులకు ఎంత దూరం వచ్చామో శ్రోతలు ఊహించుకోవచ్చును.

అట్లని మల్లవిద్య మనకు కొత్తది కాదు. ఏనుగును ఎదపై నిలిపించుకొన్న కోడి రామమూర్తి నాయుడు గారు విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసినవారే. హైదరాబాదు తాలీంఖానాలలోనూ కుస్తీకి ముందు మట్టిని త్రవ్వి, గుల్లచేసి, రాళ్ళు ఏరిన తరువాతనే పిల్లవానిని గోదాలో దించేవారు. జపాన్‌వారి చాప చేసే పనినే మన ఎర్రమట్టి చేసేది.

ఆనాటి గదిలో మాకు నచ్చిన మరొక విషయం ఉన్నది. పెద్దపిల్లలు నేలమీద పెనుగులాడుతుండగా, పట్టులో చిక్కిన అమ్మాయి చేతితో రెండుమార్లు తట్టినది. ఎదుటి కుర్రవాడు ఆ క్షణంలోనే వదలివేశాడు. తట్టడం ఓటమి ఒప్పుకోవడమే. అందులో చిన్నతనం లేదు. కాని అందరూ తట్టరు. 1914లో బ్రెజిల్ చేరిన మయేదా అనే జూడో వీరుని వద్ద కార్లోస్ గ్రేసీ విద్య నేర్చి, తమ్ములకు నేర్పాడు. నేలపై పోరును ప్రధానం చేసికొని పెరిగిన ఆ శాఖే బ్రెజిల్ జుజుత్సు. ఇప్పుడు మన నగరంలోనూ దానిని నేర్పుతున్నారు. 1951లో రియో నగరంలో ఆ తమ్ములలో ఒకడైన ఎలియో, జపాన్ మల్లుడు కిమురాతో తలపడ్డాడు. కిమురా చేయి మెలిపెట్టి బిగించాడు. ఎలియో తట్టలేదు. అప్పుడు పోటీని ఆపించినవాడు అన్న కార్లోసే. ఆ పట్టును నేటికీ వారు కిమురా పేరుతోనే పిలుస్తారు. మాకు మాత్రం కార్లోసే ఎక్కువ గుర్తు. శిష్యుని పౌరుషం హద్దు మీరినప్పుడు చాలుననగలవాడే గురువు.

తిరిగి వస్తూ మా పొరుగువారికి చెప్పినది కొంచెమే. గోడకు వ్రేలాడే పతకాలను లెక్కపెట్టవద్దు. నడికట్టు రంగు ఎన్ని నెలలకు మారుతుందని అడుగవద్దు. చాపల మధ్య సందులున్నవేమో చూడండి. అమ్మాయి తలనొప్పి అన్ననాడు ఆ మాస్టారు అభ్యాసం మాన్పిస్తారా అని అడగండి. ఆ ప్రశ్నకు విసుగుకొన్నవారివద్దకు పంపకండి.

అమ్మాయి చేరినది. ఇప్పటికి ఆరు వారాలైనది. ఇంకా పడుతూనే ఉన్నదట. ఇంటివద్ద పరుపుమీద ధభాలున పడుతుంటే క్రింది వాటావారు రెండుసార్లు పైకి వచ్చి వెళ్ళారు.