పిట్ట పేరు, మన రాత



శివరాత్రికి చలి "శివ శివా" అంటూ పోతుందని పెద్దలు అంటారు. చలి పోయింది. ఎండ ఇంకా ముదరలేదు. మామిడి పూత పట్టింది. రావిచెట్టు పాత ఆకు రాల్చి లేత ఆకు తొడుగుతోంది. ఉగాది దగ్గర పడింది. పిట్టల్ని చూడటానికి ఇది మంచి కాలం.

"పిట్టల్ని చూడటం కూడా ఒక పనేనా? దానికోసం అడవికి పోవాలా?" అని ఎవరైనా అడగవచ్చు. అడవికి పోనక్కరలేదు. బస్సు కూడా ఎక్కనక్కరలేదు. హైదరాబాదు నడిబొడ్డున నారాయణగూడ చౌరస్తా ఉంది. అక్కడి నుంచి చిక్కడపల్లి, అశోక్‌నగర్ దాటి ఇందిరా పార్కు దాకా నడిస్తే చాలు.

ఆ దారిలో ఒక అమ్మమ్మ, ఒక మనవరాలు నడుస్తున్నారు అనుకోండి. వాళ్ళు నారాయణగూడ దగ్గర ఒక బస్తీలో ఉంటారు. అమ్మమ్మ చిన్నతనం పల్లెలో గడిచింది. మేకలు కాసింది. జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలింది. ముప్పై నలభై పిట్టల పేర్లు ఆమెకు నోటికి వచ్చు. కానీ మొన్నమొన్నటి దాకా రాయడం రాదు. ఈ ఏడే అక్షరాలు నేర్చుకుంది.

మనవరాలు ఐదో తరగతి. చదవడం, రాయడం బాగా వచ్చు. కానీ ఏ పిట్టను చూసినా "పక్షి" అంటుంది. అంతకు మించి పేరు తెలియదు.

పేర్లు తెలిసిన మనిషికి రాత రాలేదు. రాత వచ్చిన పిల్లకు పేర్లు తెలియవు. ఈ రెండూ కలవకపోతే ఏమవుతుంది? అమ్మమ్మతో పాటే ఆ పేర్లూ పోతాయి.

అందుకే ఇద్దరూ ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు పట్టుకుని ఆదివారం పొద్దున్నే ఆరు గంటలకు బయలుదేరారు.

చిక్కడపల్లి దారిలో

నారాయణగూడ ఫ్లైఓవర్ కింద పావురాలు కనిపించాయి. సందుల్లో కూర్చుని గుర్రు గుర్రుమంటున్నాయి.

"పిచ్చుకలు ఏవి అమ్మమ్మా? మా పుస్తకంలో బొమ్మ ఉంది" అంది మనవరాలు.

"మా ఇంటి చూరులోనే గూడు పెట్టేవి బిడ్డా. బియ్యం చెరుగుతుంటే చాట దగ్గరికే వచ్చేవి" అంది అమ్మమ్మ.

పెద్ద నగరాల్లో పిచ్చుకలు తగ్గాయి. ఎందుకు తగ్గాయి? పిచ్చుకకు గూడు పెట్టుకోవడానికి చూరు కావాలి, గోడలో సందు కావాలి. కొత్త ఇళ్ళలో అవి లేవు. పిచ్చుక పెద్దయ్యాక గింజలు తింటుంది. కానీ దాని పిల్లకు పురుగులు పెట్టాలి. చెట్టూ చేమా లేని చోట పురుగులూ ఉండవు. పావురానికి ఆ ఇబ్బంది లేదు. వంతెన గట్టు మీదా, కిటికీ అంచు మీదా అది బతకగలదు. పిల్లలకు తన గొంతులో ఊరే పాల లాంటి పదార్థమే పెడుతుంది.

చిక్కడపల్లి సందులో ఒక చెట్టు మీద నుంచి "కూ... కూ..." అని వినిపించింది. మనవరాలు తల ఎత్తి చూసింది. నల్లని పిట్ట. ఎర్రని కళ్ళు.

"కోకిల! ఇది పాడేది ఆడదే కదా అమ్మమ్మా?"

"కాదు బిడ్డా. ఆ పాట మగదానిది. ఆడదాని ఒళ్ళంతా గోధుమ రంగు, మీద తెల్ల చుక్కలు. ఎప్పుడూ ఆకుల్లో దాక్కుంటుంది. అందుకే దాన్ని చూసినవాళ్ళు తక్కువ."

కోకిల గూడు కట్టదు. కాకి గూట్లో గుడ్డు పెడుతుంది. కాకి తన గుడ్డే అనుకుని పొదుగుతుంది, పిల్లకు మేత పెడుతుంది. అంటే కోకిల పాట వినాలంటే కాకి ఉండాలి. కాకి గూడు కట్టాలంటే చెట్టు ఉండాలి. ఒకదాని బతుకు ఇంకొకదానితో ముడిపడి ఉంది.

మనవరాలు నోటుబుక్కులో రాసింది: "కోకిల. నలుపు. మగది. చిక్కడపల్లి."

నాలా వంతెన మీద

అశోక్‌నగర్‌లో పెద్ద గ్రంథాలయం ఉంది. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు సంచులు భుజాన వేసుకుని పొద్దున్నే అక్కడికి చేరుతారు. వాళ్ళను చూసుకుంటూ ఇద్దరూ నాలా వంతెన దగ్గరికి వచ్చారు.

ఇది హుస్సేన్‌సాగర్ అలుగు నీళ్ళు పోయే నాలా. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో ఆ చెరువును తవ్వించారు. చెరువు నిండితే మిగిలిన నీళ్ళు ఈ నాలాలో పడి మూసీలో కలుస్తాయి. ఇప్పుడు ఇందులో మురుగు నీరే ఎక్కువ. వాసన ముక్కు పగలగొడుతుంది. అయినా గట్టు మీద ఒక కొంగ మెడ ముడుచుకుని కూర్చుంది. నిలబడితే మట్టి రంగు, ఎగిరితే తెల్లని రెక్కలు.

"ఇంత మురికిలో ఏం తింటుంది?" అని మనవరాలు అడిగింది.

"పురుగో, కప్పో. దానికి వేరే నీళ్ళు ఎక్కడున్నాయి?" అంది అమ్మమ్మ.

నీళ్ళ అంచున ఒక సన్నని పిట్ట తోక పైకీ కిందికీ ఆడిస్తూ పరిగెత్తింది. అమ్మమ్మ దాన్ని చూసి నవ్వింది. "ఇది చలికాలం చుట్టం. ఎండలు ముదిరితే కనపడదు" అంది.

అమ్మమ్మ చెప్పింది నిజమే. ఈ తోక ఆడించే పిట్టల్లో చాలా రకాలు హిమాలయాల నుంచి, వాటికి అవతల నుంచి చలికాలంలో ఇక్కడికి వస్తాయి. ఎండలు ముదిరే ముందు తిరిగి పోతాయి. బస్తీ మనిషి ఊరు దాటకపోయినా, హిమాలయాల చుట్టం బస్తీ నాలా దాకా వస్తోంది. ఎన్నో తేదీ దాకా ఉంది? ఎప్పుడు వెళ్ళిపోయింది? రాసి పెట్టుకుంటేనే తెలుస్తుంది.

ఇందిరా పార్కులో

నాలా దాటి ఇందిరా పార్కు వైపు నడిచారు. ఇక్కడి నుంచి వీఎస్టీ దాకా 2023లో ఉక్కు వంతెన తెరిచారు. దాని మీద బండ్ల మోత. పార్కు గేటు దాటి కొంచెం లోపలికి పోతే మోత తగ్గింది.

పార్కు విస్తీర్ణం సుమారు 76 ఎకరాలు. 1975లో శంకుస్థాపన జరిగింది. 1978లో జనానికి తెరిచారు. పక్కనే ధర్నా చౌక్ ఉంది. మనుషులు తమ గోడు చెప్పుకునే చోటు అది. పిట్టలకు గోడు చెప్పుకునే నోరు లేదు.

"టుక్... టుక్... టుక్..." ఎవరో సుత్తితో రాగి రేకు కొట్టినట్టు వినిపించింది. మనవరాలు చుట్టూ చూసింది. పని చేసేవాళ్ళు ఎవరూ లేరు.

"పైన చూడు. కంసాలి పిట్ట" అంది అమ్మమ్మ.

పిచ్చుక కంటే కాస్త పెద్దది. ఆకుపచ్చ ఒళ్ళు. నుదుటి మీద ఎర్ర బొట్టు, కళ్ళ చుట్టూ పసుపు. రావిపండ్లు, మర్రిపండ్లు దీని తిండి. ఎండిన మెత్తని కొమ్మకు ముక్కుతో గుండ్రని తొర్ర తొలిచి అందులో గుడ్లు పెడుతుంది.

పూల మొక్క దగ్గర బొటనవేలంత తేనెపిట్ట ఊగుతోంది. మగదాని ఒళ్ళు ఎండలో నీలంగా మెరిసింది. గడ్డిలో గోరింకలు జంటగా నడుస్తున్నాయి. పిగిలిపిట్ట తోక కింద ఎర్ర మచ్చ చూపిస్తూ ఎగిరింది. నోటుబుక్కులో ఒక పేజీ నిండింది.

అంతలో మనవరాలు ఆగిపోయింది. ఒక కొమ్మకు దారం చుట్టుకుని ఉంది. దారానికి కాకి ఈకలు వేలాడుతున్నాయి. సంక్రాంతి పతంగుల మాంజా అది. పండుగ పోయి నెల దాటింది. దారం మాత్రం పోలేదు. నైలాన్ మాంజా కుళ్ళదు, తెగదు. పిట్ట రెక్కను కోస్తుంది, మనిషి గొంతునూ కోస్తుంది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా దాన్ని నిషేధించింది. అయినా దొంగచాటుగా అమ్ముతూనే ఉన్నారు. అమ్మమ్మ చేతికి అందినంత దారం చుట్టి, ముక్కలు చేసి, చెత్తడబ్బాలో వేసింది.

తొర్ర ఉన్న చెట్టు

పార్కులో ఒక పాత చెట్టుకు ఎండుకొమ్మ ఉంది. కొమ్మకు తొర్ర ఉంది. అందులో నుంచి రామచిలుక తల బయట పెట్టింది. ఎర్ర ముక్కు. మెడ చుట్టూ గీత లేదు కనుక ఆడది. మగదానికి నల్లగా, గులాబీ రంగుగా కంఠె ఉంటుంది.

అమ్మమ్మ మనవరాలిని దూరంగా నిలబెట్టింది. "దగ్గరికి పోవద్దు. బెదిరితే గుడ్లు వదిలేస్తుంది" అంది.

చిలుకకు తొర్ర కావాలి. గోరింకకూ తొర్ర కావాలి. పగలు నిద్రపోయే చిన్న గుడ్లగూబకూ తొర్ర కావాలి. గుడ్లగూబను చూస్తే అరిష్టం అంటారు. అది ఎలుకల్ని, పురుగుల్ని తింటుంది. అరిష్టం ఎలుకలకే గాని మనుషులకు కాదు. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట కూడా తొర్రలోనే గుడ్లు పెడుతుంది. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని పట్టి తెచ్చి, పంజరంలో పెట్టి చూపించి డబ్బులు అడిగేవాళ్ళు ఉన్నారు. ఎగిరే పిట్టను చూస్తే మంచిది. పట్టిన పిట్టను చూస్తే ఏం మంచిది? 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం పాలపిట్టను పట్టడమూ నేరమే, చిలుకను అమ్మడమూ నేరమే.

మొక్క ఎన్నడైనా నాటవచ్చు. తొర్ర నాటలేము. తొర్ర పడాలంటే చెట్టు ముదరాలి. దానికి ఏళ్ళు పడుతుంది. ఒక్క పూటలో కొట్టేస్తే ఆ ఏళ్ళన్నీ పోయినట్టే.

బస్తీలో వేపచెట్టు

తొమ్మిది గంటలకు ఇద్దరూ ఇంటికి వచ్చారు. సందు మొదట్లో జనం గుమిగూడారు. వేపచెట్టు దగ్గర ఒకరు గొడ్డలి పట్టుకుని నిలబడ్డారు.

"ఏమైంది తమ్మీ?" అని అమ్మమ్మ అడిగింది.

"కొమ్మ ఎండిపోయింది అక్కా. రేకుల మీదికి వంగింది. గాలికి విరిగి పిల్లల మీద పడితే ఎవరు చూసుకుంటారు? మొత్తం చెట్టే తీసేస్తే బాధ ఉండదు."

అతని మాటలో న్యాయం ఉంది. పిల్లల ప్రాణం కంటే కొమ్మ ఎక్కువ కాదు. అమ్మమ్మ కాదనలేదు. తల ఎత్తి చూసింది. రోజూ ఆ చెట్టు కిందే నీళ్ళు పట్టుకుంది. ఏనాడూ పైకి చూడలేదు. ఎండుకొమ్మ మొదట్లో, మాను దగ్గర, ఒక తొర్ర ఉంది. తొర్రలో ఎర్ర ముక్కు కదిలింది.

"తమ్మీ, అటు చూడు" అంది.

అందరూ చూశారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మనవరాలు అంది: "చెట్టు కొట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలని మా టీచరమ్మ చెప్పింది. 2002లో చట్టం వచ్చిందట."

"అనుమతి మాట సరే. మరి కొమ్మ సంగతి?" అని ఇంకొకామె అడిగింది.

అమ్మమ్మ ఆలోచించింది. "రేకుల మీదికి వంగిన చివర వరకే కోద్దాం. తొర్ర ఉన్న మొదలు లావుగా, గట్టిగా ఉంది, అది పడదు. గుడ్డు పెట్టి, పొదిగి, పిల్ల ఎగరడానికి రెండు రెండున్నర నెలలు పడుతుంది. అప్పుడు మళ్ళీ చూద్దాం."

గొడ్డలి పట్టినతను చెట్టు ఎక్కి, మొదలును ఊపి చూశాడు. కదల్లేదు. చివర ఒక్కటే నరికి కిందికి దించాడు. పిల్లలకు భయం పోయింది. చిలుకకు ఇల్లు మిగిలింది.

ఆ రాత్రి అమ్మమ్మ నోటుబుక్కు అడిగి తీసుకుంది. పెన్సిలు గట్టిగా పట్టుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ తన చేత్తో రాసింది:

"మార్చి 2. ఆదివారం. మన వేపచెట్టు తొర్రలో రామచిలుక ఉంది."

రాస్తే ఏమొస్తుంది?

సలీం అలీ అనే పెద్దాయన పేరు మీరు వినే ఉంటారు. ఆయన కాలేజీ చదువు మధ్యలో ఆగిపోయింది. అయినా దేశమంతా తిరిగి పిట్టల్ని చూశాడు. చూసింది చూసినట్టు రాశాడు. 1931, 1932 సంవత్సరాల్లో అప్పటి హైదరాబాదు సంస్థానంలో తిరిగి ఇక్కడి పిట్టల లెక్క రాశాడు. ఆ రోజుల్లో ఇక్కడ ఏ పిట్టలు ఉండేవో ఆయన రాత వల్లనే ఇప్పుడు తెలుస్తోంది.

కడప జిల్లా అడవుల్లో కలివికోడి అనే పిట్ట ఉంది. 1900 తరువాత అది ఎవరికీ కనపడలేదని, అంతరించిపోయిందని శాస్త్రవేత్తలు అనుకున్నారు. 1986 జనవరిలో మళ్ళీ దొరికింది. దాన్ని ముందుగా గుర్తుపట్టి చూపింది అక్కడి పల్లె మనిషే. పల్లె మనిషి ఎరుక, శాస్త్రవేత్త రాత కలిశాయి. పోయిందనుకున్న పిట్ట లోకానికి తెలిసింది.

హైదరాబాదులో 1980లోనే పిట్టల్ని చూసేవాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారు. తమ పత్రికకు "పిట్ట" అని పేరు పెట్టారు. ఆ సంఘాన్నే ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ అంటున్నారు. వాళ్ళు చేసేదీ ఇదే. చూడటం, పేరు తెలుసుకోవడం, తేదీ వేసి రాయడం.

నిరుడు పది చిలుకలు ఉండి, ఈ ఏడు రెండే ఉంటే నోటిమాటగా "తగ్గినట్టున్నాయి" అంటాం. ఎవరూ పట్టించుకోరు. అదే తేదీలతో రాసి ఉంటే వార్డు ఆఫీసు ముందు పెట్టి అడగవచ్చు: "ఈ చెట్లు ఎందుకు పోయాయి?" రాతకు ఉన్న బలం అది.

పెద్దలారా! మీలో పల్లెలో పుట్టినవాళ్ళు ఎందరో ఉన్నారు. మీకు తెలిసిన పిట్టల పేర్లు చాలావరకు ఏ పుస్తకంలోనూ ఉండకపోవచ్చు. మీ అక్షరాలు ఇంకా వంకరగా ఉంటే ఉండనివ్వండి. రేపు పొద్దున్నే తలుపు తీసి చెట్టు పైకి చూడండి. కనిపించినదాని పేరు రాయండి. తేదీ వేయండి. పక్కన మనవడినో మనవరాలినో కూర్చోబెట్టుకోండి.

మాట్లాడుకోండి

1. మీ వీధిలో తొర్ర ఉన్న చెట్టు ఉందా? అందులో ఏ పిట్ట ఉంది?

2. మీ చిన్నప్పుడు కనిపించి, ఇప్పుడు కనిపించని పిట్టల పేర్లు రాయండి.

3. వేపచెట్టు దగ్గర మీరు ఉంటే ఏమి చేసేవారు?