మనవల కనురెప్పలు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి ప్రతి సభలోను మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి అయిదు నిమిషాలు మన మనవల కళ్లకు కేటాయించమని అధ్యక్షులవారిని కోరాను. నేను డాక్టరును కాను, సర్వీసంతా ఫైళ్లు రాసిన గుమాస్తాను. చదివినదీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ మనవి చేస్తాను.

కొడుకులు, కోడళ్లు పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలకు షిఫ్టులకు పోతే పిల్లలు పగలంతా మన దగ్గరే ఉంటారు. కనుక పిల్లవాడి రెప్ప ఒకటి కిందికి వాలి ఉంటే ముందు కనబడేది మనకే. "తాత పోలిక, పెద్దయితే అదే సరిపోతుంది" అని తేల్చేదీ మనమే.

ఇలా వాలిన రెప్పను టోసిస్ అంటారు. ఇది అందానికి సంబంధించిన లోపం మాత్రమే కాదు. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుంది, దాని పేరు కార్నియా. పసితనంలో అది మెత్తన. రెప్ప దానిమీద ఒత్తుతూ ఉంటే వంపు ఒక దిక్కున ఎక్కువ, ఇంకో దిక్కున తక్కువ అవుతుంది. బొమ్మ ఒకచోట కుదురుకోక చూపు మసకబారుతుంది. ఇదే ఆస్టిగ్మాటిజం. రెప్పలో గట్టిపడిన పెద్ద గడ్డ వల్ల, పుట్టిన కొద్ది వారాలకు రెప్పమీద పెరిగే ఎర్రని రక్తనాళాల గడ్డ వల్ల కూడా ఇది రావచ్చు. ఆ ఎర్రగడ్డకు మనలో కొందరు బి.పి.కి వాడిన ప్రొప్రనలాల్ పనిచేస్తుందని 2008లో ఫ్రాన్సు డాక్టర్లు వెల్లడించారు. అలాగని మన మందుల డబ్బాలోంచి తీసి వేయకండి, మోతాదు డాక్టరే చెప్పాలి.

అసలు ప్రమాదం ఇంకోటి. ఒక కన్ను మసకగా చూస్తే మెదడు దాన్ని పక్కన పెట్టి రెండోదాన్నే నమ్ముకుంటుంది. దీన్ని లేజీ ఐ అంటారు. పిల్లవాడు చెప్పడు, వాడికి తేడా తెలియదు గదా! మనకు శుక్లం వస్తే ఆరు నెలలు ఆగి ఆపరేషన్ చేయించుకున్నా సాధారణంగా చూపు వస్తుంది. పిల్లల చూపు మెదడులో స్థిరపడేది ముఖ్యంగా ఏడెనిమిదేళ్లలోపే. ఆ తరువాత చికిత్సకు ఫలితం తగ్గుతూ పోతుంది. ఈ గడువుకు పొడిగింపు ఉత్తర్వులు రావు.

గడ్డం పైకెత్తి చూడడం, కనుబొమలు ఎగరేయడం, మంచి కన్ను మూస్తే ఏడవడం కనబడితే జాగు చేయకండి.

మా కాలనీలో ఒక పాపకు నాలుగో ఏట రెప్ప ఆపరేషన్ అయింది. రెప్ప లేచింది, ఇంటిల్లిపాదీ సంతోషించారు. ఇక ఆడపిల్లకు అద్దాలేమిటని నాయనమ్మగారు వాటిని బీరువాలో పెట్టేశారు. రెప్ప లేచినంత మాత్రాన కార్నియా వంపు పోదు. ఆపరేషన్ తరువాత నంబరు మారవచ్చు కూడా. తాతగారు పట్టుబట్టి మళ్లీ పరీక్ష చేయించారు. ఇప్పుడు పాప అద్దాలు పెట్టుకుంటోంది, డాక్టరు చెప్పినట్టు రోజుకు రెండు గంటలు మంచి కంటికి పట్టీ వేస్తున్నారు.

మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి, 1987లో హైదరాబాదులో ఏర్పడిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి మనకు అందుబాటులోనే ఉన్నాయి. బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే పిల్లల ఆరోగ్య పరీక్ష బృందానికి కూడా చూపించవచ్చు. ఆ పథకం 2013లో మొదలైంది. అద్దాల చీటీలో సిలిండర్ అనే కాలమ్ ఉంటుంది, ఆస్టిగ్మాటిజం నమోదయ్యేది అందులోనే. పాత చీటీలు పారేయక వరుసగా ఫైలు చేసి, ప్రతిసారీ డాక్టరుకు చూపండి. ఆ పని మనకు ఒకరు నేర్పనక్కరలేదు.