కథలోని మాయలాడి, వీధిలోని ముసలమ్మ



తుంగభద్ర ఎడమ కాలువ నీటిని నమ్ముకొని పోతనాళ ప్రాంతపు క్యాంపులకు వచ్చిన మన పెద్దలు నాగళ్ళతోపాటు కథలనుకూడ తెచ్చుకొనిరి. పూతన కథ విని మనము జడిసితిమి; బాలనాగమ్మ కథలోని సంగును చూచి పండ్లు కొరికితిమి. 1942లో జెమినీవారి చిత్రమున ఆ సంగు పాత్రను పుష్పవల్లి ధరించినది.

ఇప్పుడు సెలవులకు ఇల్లు చేరిన మన పిల్లలు బల్లచుట్టు కూర్చుండి, పాచికలు వేయుచు, తామే పాత్రలై భయానక కథలు ఆడుచున్నారు. 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ ఆటలకు మూలము. అందులో 1983లో వచ్చిన ‘రేవెన్‌లాఫ్ట్’ కథ 1990 నాటికి ఒక లోకముగా పెరిగినది. ఆ లోకములోని ఇవానా బోరిత్సి ముద్దుతోనే విషమెక్కించును. పాలతో విషమిచ్చిన పూతనకు చెల్లెలే గదా యని మేము నవ్వుకొంటిమి.

అయితే ఒక్క సంగతి గమనించితిమి. ఆ ఆటలో దుష్టురాలు తాను చేసిన పాపమునకే తన రాజ్యమున బందీ యగును. మన వీధిలోనో? బిడ్డకు జ్వరము వచ్చినను, గేదె పాలివ్వకున్నను, ఒంటరి ముసలమ్మవైపు వ్రేలు చూపి ‘బాణామతి’ యందుము. ఆమె చేసిన పాపమేమి? క్షుద్రవిద్యలను, దురాచారములను అరికట్టుటకు కర్ణాటకము 2017లో చట్టము చేసినది. 2020లో అది అమలునకు వచ్చినది. చట్టముకంటె ముందు మన నోరు మారవలెను.

పిల్లలను ఆడుకొననిత్తము. ఆట ముగియగానే పాచికలతోపాటు రాక్షసినికూడ పెట్టెలో పెట్టుమని చెప్పుదము. ఈ ఉగాది పచ్చడి మొదటి గిన్నె ఆ ముసలమ్మ గుమ్మమునకే పంపుదము.