గ్రంథాలయపు తలుపుతో స్పీకరు పెట్టె
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



లెక్కలు వ్రాయువాడు జమాఖర్చులను గూర్చి మాటలాడునని తలంచి వచ్చినవారు నన్ను మన్నింతురు గాక. నేడు నేను చెప్పదలచినది పఠనమందిరపు మూలనున్న టేకుపెట్టెను గూర్చి. దానికై మన తొలి బీరువా తలుపులు రెండును కోయబడినవి. కోయించినవాడను నేనే గనుక సమాధానము చెప్పుకొనుట నా విధి.

మన చదువరులలో గిటారు వాయించు యువకుడొకడు కలడు. అతని చిన్న ఆంప్లిఫయరుయొక్క పెట్టె రంపపు పొట్టును అదిమి చేసినది. వానలో తడిసి ఉబ్బి ఊడిపోయెను. యంత్రమును, 8 అంగుళముల స్పీకరును మాత్రము మిగిలినవి. స్పీకరును బల్లపై ఒంటరిగా నుంచి మ్రోగింపగా, తగరపు డబ్బాలో గులకరాళ్లు కదలినట్లు వినవచ్చెను. "పెట్టె లేకున్న నేమి?" అని అంతకుముందు అడిగినవాడను నేనే.

కారణమిది. స్పీకరులో అయస్కాంతము నడుమ తీగచుట్ట కదలును. దాని కంటిన కాగితపు గరాటు ముందునకును వెనుకకును ఊగును. ముందునకు వచ్చినపుడు ఎదుటి గాలి నొక్కుకొనును. ఆ క్షణముననే వెనుక గాలి పలుచనగును. గిటారులోని లావుపాటి తంత్రి సెకనుకు 82 మార్లు కంపించును. ఆ ధ్వనితరంగము పొడవు 4 మీటర్లకు పైమాట. అంత దీర్ఘతరంగమునకు జానెడు గరాటు అడ్డు కాదు. వెనుక ధ్వని చుట్టు తిరిగి వచ్చి ముందు ధ్వనిని హరించును. జమయు ఖర్చును సమమై నిలువ సున్న యగునట్లు. తారధ్వనులు మాత్రమే మిగులును గనుక గొంతు కీచుమనును. పార్వతీపరమేశ్వరులు వాగర్థములవలె విడదీయరానివారని కాళిదాసు రఘువంశమున చెప్పెను. ఇచ్చట మాత్రము విడదీయుటయే పని. ఆ పని ముందుపలక చేయును.

అమెరికాలో లియో ఫెండరు సంస్థ 1950 దశకపు చివర అమ్మిన చాంప్ అను ఆంప్లిఫయరు ఈ కొలతదే: సుమారు 5 వాట్లు, 8 అంగుళముల స్పీకరు, పైన్ పలకల పెట్టె, వెనుక కొంత తెరపి. మేమును ఆ పద్ధతినే ఎంచుకొంటిమి.

అప్పటికి బీరువా అడుగుభాగమును చెదలు తినివేసెను; తలుపులు చెడలేదు. ముప్పాతిక అంగుళము మందముగల టేకు. కార్యవర్గమున వాదము జరిగినది, నేను పట్టుబట్టితిని. వడ్రంగి ఎంత రంధ్రమని అడిగెను. 8 అంగుళముల స్పీకరుకు 8 అంగుళములే యని చెప్పితిని. వ్రాసిన అంకెను నమ్ముట నాకు వృత్తిదోషము. ఆ 8 అంగుళములు ఇనుప చట్రపు బయటి అంచువరకు గల కొలత; రంధ్రము సుమారు 7 అంగుళములు చాలును. స్పీకరు నిలువక రంధ్రమునుండి లోనికి జారిపోయెను.

ఆ బీరువాను ఇరువదియైదేండ్ల క్రిందట దానమిచ్చిన పిన్నమ్మగారి యెదుటకు పోయి నిలిచితిని. ఆమె చాలసేపు పలుకలేదు. పిమ్మట, "కొలిచి కోయించాల్సింది నాయనా! రెండో తలుపుందిగా, ఈసారి కొలుచుకో" అనిరి.

కొలిచితిమి. రెండవ తలుపు ముందుపలక యాయెను. చెడిన తలుపును వెనుక బిగించితిమి. వెనుక తెరపి యెటులైనను కావలసినదే గదా! ప్రక్కలకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు కొంటిమి.

అయినను మంద్రతంత్రి మీటగనే ఏదో జిరజిరలాడెను. రెండు దినములు స్పీకరును నిందించితిమి. తుదకు చూడగా తలుపుకున్న ఇత్తడి గొళ్లెము! బొబ్బిలి వీణను ఒకే పనసమ్రానున తొలుతురు. ఆ కొయ్య పలుకవలెను. ఈ పెట్టె తాను పలుకరాదు. పైన్ పెట్టె కొంత పలుకుననియు, అదియే రుచి యనియు కొందరందురు. ఆ వాదములోనికి నేను పోను. గొళ్లెము నూడదీసి పిన్నమ్మగారి కిచ్చితిమి.

క్రొత్త స్పీకరు కొనువారు దానిపైని ఓముల సంఖ్యను ఆంప్లిఫయరు వెనుక వ్రాసినదానితో సరిచూడవలెను. 8 ఓములకు తక్కువ కూడదన్న ట్రాన్సిస్టరు యంత్రమునకు 4 ఓములది తగిలించిన, విద్యుత్తు మితిమీరి యంత్రము కాలిపోవచ్చును. ఆ అంకెను మాత్రము నమ్మవలెను.

వెనుక ధ్వని గోడను తాకి మరలుటకై పెట్టెను మూరెడు దూరమున నుంచితిమి. తారధ్వనులు టార్చి వెలుగువలె సూటిగా పోవును గనుక, ఈ సాయంకాలము గిటారు వినవచ్చువారు పెట్టె కెదుటి స్థలమును విడిచి ఇరుప్రక్కల కూర్చుండ ప్రార్థన. ఎదుట పిన్నమ్మగారికి మాత్రము కుర్చీ వేసితిమి. వారికి వినికిడి కొంచెము తక్కువ.